పుస్తకానికి నీడ, చదువరికి వెలుతురు

కళాశాల గ్రంథాలయ నిర్మాణం కుర్చీ దగ్గర మొదలు కావాలి

సాయంత్రం అయిదు దాటితే చాలు, మన జిల్లాల్లో చాలా కళాశాలల గ్రంథాలయాలకు తాళం పడుతుంది. అప్పటిదాకా అక్కడ కూర్చున్న పిల్లలు పుస్తకాలు సంచిలో సర్దుకుని బయటికి వస్తారు. కొందరు బస్సెక్కి ఊళ్ళకు పోతారు. హాస్టలు పిల్లలు ఇరుకు గదిలో మంచం మీద చేరగిలబడి చదువుకుంటారు. పోటీ పరీక్షలకు కూర్చునేవారు పట్టణంలోని కేంద్ర గ్రంథాలయానికి పరుగెత్తుతారు. లోపల కుర్చీ దొరక్కపోతే ఆవరణలో చెట్టు కిందనే చదువు. ఇంట్లో తనకంటూ ఒక బల్ల, ఒక దీపం, గంటసేపు నిశ్శబ్దం లేని విద్యార్థికి కళాశాల గ్రంథాలయమే చదువుల గది. అది సరిగా లేకపోతే ఆ విద్యార్థికి చదువుకునే చోటే లేదు.

కళాశాలలు కొత్త గ్రంథాలయాలు కట్టుకోవడం సంతోషించదగిన విషయమే. న్యాక్ గుర్తింపు లెక్కల్లో గ్రంథాలయానికి, విద్యా వనరులకు స్థానం ఉండడంతో యాజమాన్యాలకూ శ్రద్ధ పెరిగింది. అయితే నమూనా గీయించేటప్పుడు ముందుగా అందరి చూపూ ముఖద్వారం మీదికే పోతుంది. ముందు వైపు నిలువెత్తు అద్దాలు, మెరిసే గచ్చు, పైన పెద్ద అక్షరాల్లో పేరు. చదువుకునే వాడి బల్ల ఎక్కడ పడుతుందన్నది చివరి మాట. ప్రారంభోత్సవం నాడు ఫొటోలో అందంగా కనిపించిన ఆ అద్దాల గోడే మొదటి వేసవిలో హాలును కొలిమి చేస్తుంది. కిటికీలకు కాగితాలు అంటించి, పట్టపగలు దీపాలు వేసుకుని చదువుకోవలసి వస్తుంది.

దీనికి మూలం ఒక తగవు. పుస్తకానికి నీడ కావాలి, చల్లదనం కావాలి, తడి తగలకూడదు. ఎండ సోకితే కాగితం పచ్చబడి పెళుసవుతుంది, అట్ట రంగు వెలిసిపోతుంది. చదువరికి కావలసింది అందుకు విరుద్ధం. అతనికి వెలుతురు, గాలి కావాలి, అప్పుడప్పుడు తలెత్తి చూడడానికి ఒక చెట్టు కావాలి. ఈ ఇద్దరినీ ఒకే కప్పు కింద ఉంచి ఇద్దరికీ న్యాయం చేయడమే గ్రంథాలయ వాస్తుశిల్పంలో అసలు పని. మిగిలినవన్నీ దాని తర్వాతివే.

మూడు వలయాల భవనం

ఈ తగవును శ్రద్ధగా తీర్చిన వారిలో అమెరికా వాస్తుశిల్పి లూయీ కాన్ ముఖ్యుడు. 1901లో జన్మించి 1974లో మరణించిన ఆయన పేరు ఢాకాలోని బంగ్లాదేశ్ పార్లమెంటు భవనంతో మన వైపు కూడా తెలిసింది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఎక్సెటర్ పట్టణంలో ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ ఉంది. ఆ విద్యాసంస్థ తన గ్రంథాలయం పనిని 1965లో ఆయనకు అప్పగించింది. 1971 నవంబరులో భవనం తెరుచుకుంది. పాత గ్రంథాలయం నుంచి కొత్త దానికి పుస్తకాలను విద్యార్థులూ, అధ్యాపకులూ చేతులతో మోసుకెళ్ళారు. సంస్థ స్థాయి పాఠశాలే అయినా గ్రంథాలయం చిన్నది కాదు. 2,50,000 సంపుటాలు పట్టేలా కట్టారు.

పుస్తకం చేతికి తీసుకున్న మనిషి వెలుతురు ఉన్న చోటికి నడుస్తాడని, గ్రంథాలయం పుట్టేది ఆ నడకలోనేనని కాన్ భావించేవారు. ఆ భావాన్ని ఆయన మూడు వలయాలుగా కట్టి చూపించారు. బయటి వలయం ఇటుకతో కట్టినది. అందులో కిటికీలను ఆనుకుని చదువరుల బల్లలు వరసగా ఉంటాయి. దాని లోపలి వలయం కాంక్రీటుది. బరువైన పుస్తకాల ర్యాకులు ఆ నీడపట్టున నిలుస్తాయి. నట్టనడుమ నేల నుంచి పైకప్పు దాకా ఖాళీగా వదిలిన పెద్ద హాలు ఉంది. ఆ హాలు గోడల్లో బ్రహ్మాండమైన గుండ్రటి రంధ్రాలు వదిలారు. లోపలికి అడుగు పెట్టినవాడికి వాటిలోంచి అంతస్తుల వారీగా పుస్తకాలు కనబడతాయి. ఏది ఎక్కడుందని ఎవరినీ అడగకుండానే భవనం తన సంగతి తానే చెబుతుంది.

చదువరి పుస్తకాన్ని నీడలో ఎంచుకుంటాడు, నాలుగడుగులు వేసి వెలుతురులో కూర్చుంటాడు. ఆ బల్లల దగ్గర చిన్న ఏర్పాటు ఒకటి ఉంది. తల పైభాగాన పెద్ద అద్దం గుండా వెలుతురు వస్తుంది. కళ్ళ ఎత్తున మాత్రం చిన్న కిటికీకి పక్కకు జరిపే చెక్క తలుపు పెట్టారు. బయటి లోకం చూడాలనుకుంటే దాన్ని తీస్తారు, ధ్యాస చెదురుతుందనుకుంటే మూస్తారు. ఒక్కొక్క విద్యార్థి మనసును దృష్టిలో పెట్టుకుని చేసిన పని ఇది. పాతికేళ్ళు గడిచినా విలువ తగ్గని భవనాలకు అమెరికా వాస్తుశిల్పుల సంస్థ ఇచ్చే పురస్కారం 1997లో దీనికి దక్కింది.

అహమ్మదాబాదులో ఇటుక గోడలు

ఎక్సెటర్ మంచు కురిసే ఊరు. అక్కడి కిటికీని తెచ్చి మన ఎండలో పెడితే పని జరగదు. ఆ సంగతి కాన్‌కూ తెలుసు. ఎక్సెటర్ పని చేతికి రాకముందే ఆయన మన దేశంలో మరొక విద్యాసంస్థకు రూపకల్పన చేస్తున్నారు. అహమ్మదాబాదులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ 1961 డిసెంబరులో ఏర్పడింది. యువ వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి చొరవతో కాన్ 1962లో అక్కడికి వచ్చారు. అదే దోషి 2018లో ప్రిట్జ్‌కర్ పురస్కారం అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన 2023 జనవరిలో కన్నుమూశారు.

అహమ్మదాబాదు ఎండ మన రాయలసీమ ఎండకు తీసిపోదు. అక్కడ కాన్ స్థానికంగా దొరికే ఇటుకనే ప్రధానంగా ఎన్నుకున్నారు. దళసరి గోడలు, కమానులు, గుండ్రటి పెద్ద ఖాళీలతో ఆ ప్రాంగణం కోటలా కనిపిస్తుంది. కిటికీ అద్దాలను గోడ అంచున పెట్టకుండా లోపలికి జరిపారు. బయటి గోడకూ లోపలి గదికీ నడుమ వసారాల్లాంటి నీడ చోట్లు వదిలారు. ఎండ బయటి గోడను తాకి అక్కడే ఆగుతుంది, లోపలికి వచ్చేది మెత్తబడిన వెలుతురు. మన పాత మండువా లోగిళ్ళు, వీధి అరుగులు, వసారాలు చేసిన పని కూడా ఇదే.

అక్కడ నేర్చుకోదగినది మరొకటి గ్రంథాలయం ఉన్న చోటు. విక్రమ్ సారాభాయ్ పేరు పెట్టిన ఆ గ్రంథాలయం ప్రధాన ముంగిలికి ఒక వైపున నిలిచింది. అదే ముంగిలిని ఆనుకుని తరగతి గదులు, అధ్యాపకుల గదులు ఉన్నాయి. తరగతి నుంచి బయటపడిన విద్యార్థికి గ్రంథాలయం దారిలోనే తగులుతుంది. మన కళాశాలల్లో మిగిలిపోయిన మూల స్థలాన్నో, మూడో అంతస్తునో గ్రంథాలయానికి కేటాయించే అలవాటుతో దీన్ని పోల్చి చూడాలి. దారిలో లేని గ్రంథాలయానికి అవసరం పడితే తప్ప ఎవరూ వెళ్ళరు.

అయితే ఎంతటి భవనమైనా నీటికి లోకువే. కాలక్రమంలో అహమ్మదాబాదు గోడల్లోకి తడి దిగింది. ఇటుకల నడుమ ఉంచిన ఇనుప కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బి ఇటుకలను చీల్చాయి. 2001 జనవరి 26న వచ్చిన గుజరాత్ భూకంపమూ తన దెబ్బ తాను కొట్టింది. తర్వాత ముంబయి వాస్తుశిల్పి బృందా సోమయా సంస్థ గ్రంథాలయాన్ని జాగ్రత్తగా పునరుద్ధరించింది. ఆ పనికి 2019లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించింది. అదే ప్రాంగణంలోని 18 వసతి గృహాల్లో 14ను పడగొట్టాలన్న ప్రతిపాదన 2020 డిసెంబరులో వచ్చినప్పుడు దేశవిదేశాల్లో నిరసన రేగింది. 2021 జనవరి 1న దాన్ని వెనక్కి తీసుకున్నా, 2022లో పునర్నిర్మాణం మాట మళ్ళీ ముందుకు వచ్చింది. భవనం కట్టిన రోజునే దాని మరమ్మతుకు ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టాలని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.

సూర్యుడి దారి చూడాలి

మన జిల్లాలకు వస్తే, స్థలం చూడగానే వాస్తు సిద్ధాంతిని పిలవడం ఆనవాయితీ. ఆయన మాట వినేవారు సూర్యుని మాట కూడా వినడం మంచిది. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్న సూర్యుడు దక్షిణం వైపుకు ఒరిగి ఉంటాడు. వేసవి నడుమ నుంచి సుమారు మూడు నెలలు మాత్రం ఉత్తరానికి జరుగుతాడు. అందువల్ల ఉత్తరపు వెలుతురు నిలకడగా ఉంటుంది, కళ్ళకు హాయి. దక్షిణపు ఎండ నడినెత్తికి దగ్గరగా పోతుంది కాబట్టి తగినంత సన్‌షేడ్ వేస్తే చాలావరకు ఆగుతుంది. పడమటి ఎండతోనే చిక్కు. అది వాలుగా వచ్చి సన్‌షేడ్ కిందుగా గది లోతుకు దూసుకుపోతుంది.

దీన్నిబట్టి లెక్క తేలికే. భవనాన్ని తూర్పు పడమరలుగా పొడుగ్గా కట్టాలి. చదివే హాలు కిటికీలు ఉత్తరానికి ఉండాలి. పడమటి వైపు మెట్లు, సామాను గది వంటివి పెడితే అవే గొడుగు పట్టినట్లు హాలును కాపాడతాయి. ర్యాకుల వరసలను కిటికీకి అడ్డంగా కాక, కిటికీ గోడకు నిటారుగా నిలిపితే వరసల మధ్యకు వెలుతురు దిగుతుంది. పై అంతస్తు శ్లాబు పగలంతా కాగి రాత్రి దాకా వేడిని కిందికి వదులుతుంది. పైన తెల్లటి పూత పూయడమో, తెల్లని పలకలు పరచడమో చేస్తే ఆ వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశమూ ఇదే. కరెంటు పోయిన మధ్యాహ్నం కూడా చదువు సాగాలంటే ఏసీ మిషను కన్నా ముందు ఈ ఏర్పాట్లు ఉండాలి.

పుస్తకాల బరువు

లోపల పెట్టే పుస్తకాల బరువు మరిచిపోయి కట్టడంతో భవనం ఏటేటా భూమిలోకి కుంగుతోందన్న కథ చాలా దేశాల విశ్వవిద్యాలయాల్లో వినిపిస్తుంది. చాలా చోట్ల అది కథే. కాని పుస్తకాల బరువు మాత్రం కథ కాదు. భవనాల మీద పడే బరువులకు భారత ప్రమాణాల సంస్థ లెక్క కట్టి పెట్టింది. ఐఎస్ 875 రెండవ భాగం ప్రకారం తరగతి గది నేల చదరపు మీటరుకు సుమారు 300 కిలోల బరువు మోసేలా ఉండాలి. ఇంటి గదికి సుమారు 200 కిలోలు చాలు. పుస్తకాల ర్యాకులు నిలిపే గదికి, ర్యాకు ఎత్తు 2.2 మీటర్లు ఉంటే, సుమారు 600 కిలోలు కావాలి. ఎత్తు పెరిగితే ఒక్కొక్క మీటరుకు మరో 200 కిలోలు కలపాలి.

అంటే మేడ మీది రెండు తరగతి గదుల మధ్య గోడ తీసేసి, అందులో ఇనుప ర్యాకులు దింపి గ్రంథాలయం అని బోర్డు కట్టడం, శ్లాబు మోయవలసిన దానికి రెట్టింపు బరువు దాని నెత్తిన పెట్టడమే. ఇంజనీరుతో లెక్క చూపించకుండా ఈ పని చేయరాదు. కొత్తగా కట్టేవారు ర్యాకుల గదిని కింది అంతస్తులోనే పెట్టుకోవడం మేలు. పిల్లర్ల మధ్య దూరాన్ని కూడా ర్యాకుల కొలతను బట్టి ఖాయం చేయాలి. లేకపోతే ప్రతి వరసకూ ఒక పిల్లరు అడ్డం వస్తుంది.

కింది అంతస్తుకు ఉన్న చిక్కు నీరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచెత్తిన సంగతి అందరికీ గుర్తుంది. పల్లపు ప్రాంతాల్లో, తీర మండలాల్లో బేస్‌మట్టం పాత వరద గుర్తును మించి లేపాలి. ర్యాకులో అడుగు అర నేలకు జానెడు ఎత్తున ఉండాలి. మరుగుదొడ్లు, నీళ్ళ ట్యాంకు పుస్తకాల గదికి పైన గాని, గోడకు ఆనుకుని గాని రానివ్వకూడదు. చెదల మందు పునాది వేసేటప్పుడే మట్టిలో పట్టించాలి. భవనం లేచాక గోడలకు కన్నాలు పొడిచి మందు పోయడం రెట్టింపు ఖర్చుతో సగం పని. ర్యాకును గోడకు ఆనించకుండా కొంచెం ఎడంగా నిలిపితే గాలి ఆడుతుంది, బూజు పట్టదు.

బీరువా తాళం తీయాలి

పుస్తకాలు వాడకం కోసమే అన్నది భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది. పాఠకుని కాలం వృథా కాకూడదన్నది నాలుగవది. గ్రంథాలయం పెరిగే ప్రాణి అన్నది అయిదవది. గణిత అధ్యాపకుడిగా జీవితం మొదలుపెట్టి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఆయన సూత్రాలు భవనం గీసేవారికీ వర్తిస్తాయి.

అద్దాల బీరువాలకు తాళాలు వేసి, చీటీ రాసిస్తేనే పుస్తకం తీసిచ్చే పద్ధతి ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. పోతాయన్న భయమే అందుకు కారణం. ఆ భయానికి మందు భవనంలోనే ఉంది. రాకపోకలకు మామూలుగా వాడే ద్వారం ఒక్కటే ఉండాలి. దాని పక్కనే గ్రంథాలయాధికారి బల్ల, ఆ బల్ల దగ్గర నుంచి హాలంతా కనబడే ఏర్పాటు ఉంటే పుస్తకాలను ధైర్యంగా తెరిచి ఉంచవచ్చు. అగ్నిప్రమాదం వేళకు లోపలి నుంచి తీసుకునే మరో ద్వారం తప్పదు. విస్తరణకు ఒక వైపు స్థలం వదిలి, ఆ వైపు గోడ రేపు తీసివేయడానికి వీలుగా కడితే పెరిగే ప్రాణికి చోటిచ్చినట్లే.

చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి కూడా పాఠకుడే. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున సాగే వాలుదారి, కుర్చీ పట్టే తలుపు, ర్యాకుల మధ్య కుర్చీ తిరిగే జాగా నమూనాలోనే ఉండాలి. వాలుదారిని చివర్లో అతికిస్తే అది నిటారుగా లేచి ఎవరికీ పనికి రాదు.

మాట ఒక చోట, మౌనం ఒక చోట

అన్నీ ఫోనులోనే దొరుకుతుంటే ఇంత భవనం ఎందుకన్న ప్రశ్న కమిటీ సమావేశాల్లో తప్పక వస్తుంది. దొరుకుతున్న మాట నిజమే. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్ పథకం ద్వారా కళాశాలలకు వేలాది పత్రికలు, పుస్తకాలు కంప్యూటరులో అందుతున్నాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం సుమారు 13,000 అంతర్జాతీయ పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థల ముంగిటికి తెచ్చింది. అయితే అరచేతి వెడల్పు తెర మీద పరిశోధన వ్యాసం చదివి నోట్సు రాసుకోవడం అయ్యే పని కాదు. దానికి కంప్యూటరు, బల్ల, కరెంటు ప్లగ్గు, పక్కన కూర్చుని వెతకడం నేర్పే మనిషి కావాలి. గ్రంథాలయం లెర్నింగ్ సెంటర్‌గా మారడమంటే ఇదే. పేరు మార్చి బోర్డు రాయించడం కాదు.

లెర్నింగ్ సెంటర్‌లో మాట్లాడుకోవడం కూడా చదువులో భాగమే. నలుగురు కూర్చుని లెక్క చేసుకుంటారు, ఒకరికి రానిది మరొకరు చెబుతారు. ఇంటర్వ్యూకు పోయేవారు ఒకరినొకరు ప్రశ్నించుకుంటారు. పక్క బల్ల దగ్గర మౌనంగా చదివేవాడికి అది బాధ. అందుకని సందడిని, మౌనాన్ని అంతస్తుల వారీగా విడదీయాలి. ద్వారం దగ్గర పత్రికలు, కంప్యూటర్లు, బృందాల గదులు ఉండవచ్చు. లోపలికి, పైకి పోయేకొద్దీ మాట తగ్గాలి. మౌనం హాలు చివరిది కావాలి, దాని మీదుగా మరెక్కడికీ దారి ఉండకూడదు. నున్నటి పాలరాతి గచ్చు, బోడి గోడలు కుర్చీ జరిపిన చప్పుడును కూడా రెట్టింపు చేస్తాయి. కుర్చీ కాళ్ళకు రబ్బరు బిళ్ళలు తొడిగితే పదిరూపాయల ఖర్చుతో సగం గోల తగ్గుతుంది.

తాళం సంగతి

చివరికి మాట మళ్ళీ సాయంత్రం అయిదు గంటల తాళం దగ్గరికే వస్తుంది. రాత్రి గ్రంథాలయం తెరిస్తే కళాశాల మొత్తానికి కాపలా పెట్టాలని యాజమాన్యాలు అంటాయి. ఇదీ నమూనాలో తీర్చుకోదగిన చిక్కే. చదివే హాలుకు రోడ్డు వైపు నుంచి వేరే దారి ఉంటే మిగిలిన భవనాలకు తాళం వేసి హాలు ఒక్కటి తెరిచి ఉంచవచ్చు. ఆ దారిలో దీపాలు వెలగాలి. హాలును ఆనుకుని ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి, అందరికీ తాగునీరు ఉండాలి. ఈ మూడూ లేకపోతే హాలు ఎంత గొప్పగా ఉన్నా, దీపాలు పెట్టే వేళకే ఆడపిల్లలు ఇంటిదారి పడతారు. చదువుకునే గంటల్లో మగపిల్లలకు దక్కినవి వారికి దక్కవు.

కాబట్టి కొత్త గ్రంథాలయం నమూనా మీద సంతకం పెట్టే ముందు కళాశాల పెద్దలు స్థలానికి ఒక కుర్చీ పట్టుకెళ్ళాలి. మే నెల మధ్యాహ్నం మూడింటికి ఆ కుర్చీ ఎక్కడ వేస్తే నీడ ఉంటుందో చూడాలి. వాన రోజున నీరు ఎటు పోతుందో ఊరివారిని అడగాలి. గ్రంథాలయాధికారిని, నలుగురు విద్యార్థులను ముఖ్యంగా హాస్టలు పిల్లలను పిలిచి వాస్తుశిల్పి ఎదుట కూర్చోబెట్టాలి. ర్యాకుల గది ఎంత బరువు మోస్తుందో ఇంజనీరు చేత కాగితం మీద రాయించుకోవాలి. రాత్రి ఎన్ని గంటల దాకా తెరుస్తారో, కాపలా మనిషి జీతం ఎక్కడి నుంచి ఇస్తారో శంకుస్థాపన నాటికే తేల్చాలి. ముఖద్వారం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. నిధులిచ్చే అధికారులు కూడా అంచనాల కాగితాల్లో అద్దాల గోడ ఖర్చు కన్నా ముందు, చదువుకోవడానికి ఎన్ని కుర్చీలు వస్తున్నాయో, వాటిలో ఎన్ని కిటికీ పక్కన పడుతున్నాయో అడగడం అవసరం.